పండక్కి కాకుండా రా, అక్కా

డిసెంబరు మూడో వారానికి మంగళగిరిలో రెండు రకాల పాటలు మొదలవుతాయి. తెల్లవారుజామున కొండ కింద లక్ష్మీనరసింహస్వామి గుడివైపు ధనుర్మాసపు తిరుప్పావై. రాత్రి భోజనాలయ్యాక పేటల్లో క్యారల్స్: ఒక డ్రమ్ము, రెండు కంజరలు, వెదురుబొంగుకు కట్టిన నక్షత్రం, వెనకాల ఇంటింటికీ తిరిగే పిల్లలూ పెద్దలూ. సరిగ్గా ఆ రోజుల్లోనే శంషాబాద్‌లో దిగిన కుటుంబాలు హైదరాబాద్ రోడ్డు మీద పొగమంచులో వచ్చి, కృష్ణ మీద వారధి దాటి, పెద్ద పెద్ద పెట్టెలతో ఊళ్లోకి చేరతాయి. అమెరికాలో బడులకు డిసెంబరు 20 ప్రాంతంలో సెలవులిస్తారు, జనవరి మొదటి వారంలో మళ్లీ తెరుస్తారు. క్రైస్తవులైనా కాకపోయినా, పిల్లలున్న తెలుగు కుటుంబం చలికాలంలో ఇంటికి రావాలంటే దొరికేది ఆ రెండు వారాలే. సంక్రాంతి దొరకదు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలు దొరకవు. ఫాల్గుణంలో మంగళగిరి తిరునాళ్ల దొరకదు.

ఈ సంభాషణలోని అక్క, తమ్ముడు ఏ ఒక్క ఇంటివాళ్లూ కారు. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలో, అతిథులు నిద్రపోయాక, గొంతు తగ్గించి అనుకునే మాటలను ఇద్దరి నోట పెట్టాను. కాలం 2025 డిసెంబరు. అక్కది డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తమ్ముడు మంగళగిరిలో బడిపంతులు. తండ్రి లేడు, తల్లి తమ్ముడి దగ్గర ఉంటుంది. గుంటూరు జిల్లాలో చాలామంది క్రైస్తవుల్లాగే లూథరన్ సంఘంవాళ్లు. నా మొగ్గు ఎవరివైపో దాచుకోను, సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

తమ్ముడు: నొచ్చుకోకు అక్కా. చాన్నాళ్లుగా చెబుదామనుకుంటున్నాను. వచ్చే ఏడాది క్రిస్మస్‌కి రావొద్దు.

అక్క: ఏరా, ఇల్లు నీ ఒక్కడిదే అయిందా?

తమ్ముడు: ఇల్లు నీది కూడా. అందుకే చెబుతున్నాను. క్రిస్మస్‌కి కాకుండా ఇంకెప్పుడైనా రా. జూలైలో రా, వానల్లో రా, ఏ పండగా లేని మంగళవారం రా. ఈ రెండు వారాలు నువ్వు చూసే మంగళగిరి మేం బతికే ఊరు కాదు. గోడలకి సున్నం వేయించి, దోమతెరలు మార్చి, పిల్లలకి నీళ్లు పడతాయో పడవోనని డబ్బాల నీళ్లు తెప్పించి, నెల ముందునుంచీ ఇంటిని సిద్ధం చేస్తాం. నువ్వు వచ్చేది ఆ సిద్ధం చేసిన ఇంటికి. వెళ్లిపోయాక మిగిలేది నీకు తెలియదు.

అక్క: నాకు తెలియదా? పాతికేళ్లు ఈ ఇంట్లోనే పెరిగాను.

తమ్ముడు: అప్పటి ఇల్లు నీకు బాగా తెలుసు. ఇప్పుడు అమ్మకి డెబ్భై ఎనిమిది. డిసెంబరు మొదటి వారం నుంచే బియ్యం నానబెట్టడం, పిండి పట్టించడం, పాకం పట్టడం. అరిసెలు తనే వత్తాలి, చక్కలతో నూనె తనే పిండాలి, కజ్జికాయల అంచులు తనే మడవాలి. మీ మరదలు పొయ్యి దగ్గరికొస్తే పంపించేస్తుంది. మీరు ఎక్కిన కారు మలుపు తిరగగానే మంచం పడుతుంది. జనవరంతా మోకాళ్లకి కాపడం, మాత్రలు. పోయిన జనవరిలో గిన్నె దించలేక చేతులు వణుకుతుంటే నేను చూశాను. నువ్వు చూడలేదు. వీడియో కాల్ అనగానే కొంగు సర్దుకుని నవ్వుతుంది కదా.

అక్క: ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?

తమ్ముడు: చెప్పొద్దంది.

అక్క: అయితే నన్నూ ఒకటి అడగనీ. మనిద్దరం అమ్మ ఆరోగ్యం గురించి తీర్పులు చెప్పుకుంటున్నాం. ఆ అరిసెలు మానెయ్యమంటే ఆమెకి మిగిలేదేమిటి? నాన్న పోయాక ఇంటి లెక్కలు నీ చేతిలోకి వచ్చాయి, వంటిల్లు మీ ఆవిడ చేతిలోకి వచ్చింది. నేను తప్పనడం లేదు, అట్లాగే జరగాలి. కాని ఏడాదిలో ఆ మూడు వారాలే ఆమె ఇంకా ఈ ఇంటి పెద్ద. ఎంత బెల్లం, ఎంత నూనె, ఎవరింటికి ఎన్ని పంపాలి, అన్నీ ఆమె చెప్పినట్టే నడుస్తాయి. నేను రావడం మానేస్తే మోకాళ్లకి విశ్రాంతి దొరుకుతుందేమో. మనిషికి ఏం దొరుకుతుంది?

తమ్ముడు: ఆ మాట కాదనలేను. కాని ఆ మోకాళ్లకి ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. ఎందుకు ఆగిందో తెలుసా? అక్క వచ్చాక మాట్లాడదాం అంటుంది. నువ్వొస్తావు. క్రిస్మస్ అయ్యాక చూద్దాం అంటావు. తర్వాత చుట్టాలిళ్లు, గుంటూరులో పెళ్లి, చీరలు కొనడం, డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన. జనవరి 2న పెట్టెలు సర్దడం. ఎయిమ్స్ ఇక్కడే ఉంది, ఓపీ చీటీ పది రూపాయలు. కావలసింది డబ్బు కాదు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు పక్కన పడుకునే మనిషి. స్నానం చేయించే మనిషి. నేను మగవాణ్ని, నా చేత ఒప్పుకోదు. మీ మరదలు పొద్దున ఎనిమిదికి ఉద్యోగానికి వెళ్లాలి. యర్రబాలెం పొలమూ అంతే. 2015లో రాజధానికి భూసమీకరణలో ఇచ్చాం. ఆ ప్లాటు కాగితాలకి నీ సంతకం కావాల్సొచ్చిన ప్రతిసారీ డిసెంబరు దాకా ఆగుదాం అన్నావు. ఈ ఇంట్లో ముఖ్యమైనవన్నీ డిసెంబరు కోసం ఆగుతాయి, డిసెంబరులో మాత్రం ఎవరికీ తీరదు.

అక్క: సంతకాల సంగతి నాదే. హ్యూస్టన్ కాన్సులేట్‌కి వెళ్లి ఆ పవర్ ఆఫ్ అటార్నీ ఎప్పుడో పంపించాల్సింది. కాని సెలవు సంగతి నీకు అర్థం కావడం లేదు. ఇక్కడివాళ్లంతా మాకు డబ్బుంది, రావడానికేం అనుకుంటారు. మీ బావ ఈసారి ఎందుకు రాలేదు? పాస్‌పోర్టులో వీసా స్టాంపు అయిపోయింది, కొత్తది వేయించుకోవాలంటే ఇండియాకి రావాలి. సెప్టెంబరు నుంచి చాలామందికి డ్రాప్‌బాక్సు లేదు, ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. అదే నెలలో బయటినుంచి వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు చూస్తామన్నారు. స్టాంపింగు, పెళ్లిళ్లు, క్రిస్మస్ అన్నీ కలిసొస్తాయని టికెట్లు కొనుక్కుని వచ్చినవాళ్ల తేదీలు ఉన్నట్టుండి మార్చికీ ఆ పైకీ జరిగిపోయాయి. మొగుడు ఇక్కడ, పెళ్లాంపిల్లలు అక్కడ. ఆ భయానికే ఆగిపోయాడు. తల్లిదండ్రుల్ని చూసి మూడేళ్లయింది ఆయనకి.

తమ్ముడు: గ్రీన్ కార్డు వస్తే ఈ బాధ ఉండదు కదా.

అక్క: ఎప్పుడొస్తుంది? ఉద్యోగాల మీద ఇచ్చే కార్డుల్లో మామూలుగా ఏ దేశానికైనా ఏడు శాతం మించి రావు. మా ఈబీ-2 వరసలో ఇప్పుడు 2013లో వేసినవాళ్ల వంతు నడుస్తోంది. మేం వేసింది ఆ తర్వాత చాలా ఏళ్లకి. అక్కడే పుట్టిన పిల్లలకి ఓసీఐ కార్డులున్నాయి, ఎప్పుడంటే అప్పుడు రాగలరు. వాళ్లని తీసుకొచ్చే తల్లిదండ్రులకే ప్రతి ప్రయాణమూ ఒక దడ. అందుకే ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ఏమవుతుందోనని ప్రాణం బిగబట్టుకుని వచ్చేదాన్ని, ఒక్క పండగైనా కళ్లారా చూడాలని వస్తాను. ఏ పండగా లేని మంగళవారం కోసం అంత ధైర్యం చెయ్యమంటావు!

(ఇక్కడ అక్క మాటకు బరువుంది. 2010, 2017 మధ్య అమెరికాలో ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి జనగణన సర్వేల లెక్క. ఆ పెరుగుదలను మనం ఊళ్లో గర్వంగా చెప్పుకున్నాం. అందులో ఎంతమంది ఏళ్ల తరబడి తాత్కాలిక వీసాల మీద, తల్లికి బాగాలేదని కబురొస్తే విమానం ఎక్కాలా వద్దా అని లాయరును అడగాల్సిన స్థితిలో ఉన్నారో చెప్పుకోలేదు. రాలేదని నిందించే ముందు అది తెలుసుకోవాలి.)

తమ్ముడు: నాకు తెలియని సంగతి చెప్పావు. బావ మీద నేను అనుకున్నవి కొన్ని వెనక్కి తీసుకుంటాను. కాని నా బాధ అంతా నీ రాకపోకల మీద కాదు. డ్రామా మీద.

అక్క: ఏ డ్రామా?

తమ్ముడు: సండే స్కూలు పిల్లలు క్రిస్మస్‌కి వేసేది. నవంబరు మొదటి ఆదివారం నుంచి మన వెనకవీధి పిల్ల మరియ వేషానికి తయారవుతోంది. వాళ్లమ్మ మగ్గం మీద కూలినేత నేస్తుంది. ఆ పిల్ల మాటలన్నీ కంఠతా పట్టింది, దేవదూత కనిపించినప్పుడు ఎట్లా ఉలిక్కిపడాలో నాకు చేసి చూపించింది. నువ్వు దిగిన మర్నాడు పాస్టరు అయ్యగారు నవ్వుతూ, అమెరికా నుంచి వచ్చిన పాపకి ఇద్దామండీ ఈసారి, అన్నారు. ఆ పిల్లని గొర్రెల కాపరుల్లో నిలబెట్టారు. ఏడవలేదు. నాకు అదే కష్టంగా ఉంది.

అక్క: నేను అడగలేదురా. ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

తమ్ముడు: నువ్వు అడగలేదు. నువ్వు అడగకుండానే ఇస్తారు. ప్రేమవిందులో నీకు బల్ల దగ్గర కుర్చీ వేస్తారు, నీతోపాటు చదువుకున్నవాళ్లు పట్టా మీద కూర్చుంటారు. పిల్లకి తెలుగులో రెండు ముక్కలే వచ్చినా చప్పట్లు కొడతారు. ఇంటింటికీ నువ్వు తెచ్చిన చాక్లెట్ల సంచులు పంచుతాం. నా కొడుకు అడిగాడు, మనం ఎప్పుడు వెళ్తాం నాన్నా అని. అమెరికా చూడాలని కాదు. వెళ్లి తిరిగొచ్చిన రోజున ఎదురొచ్చి తీసుకెళ్తారని. ఈ పేటలో మన తాతలకి గౌరవం ఎట్లా వచ్చింది? ఎవరూ చేర్చుకోని పిల్లల్ని మిషన్ బడి చేర్చుకుని అక్షరాలు నేర్పింది. తాతయ్య అదే బడిలో పంతులయ్యాడు. అందరూ ఒకే పట్టా మీద కూర్చోవడం ఆ సంఘానికి ప్రాణం. దాన్ని మనమే కుర్చీలు వేసి చెడగొడుతున్నాం.

(నా మొగ్గు ఇక్కడే. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఆదరించేవాళ్లు మూర్ఖులని కాదు. కాని అతిథి మర్యాద పేరుతో ఒక ఊరి సొంత పిల్ల చోటు పోతే, ఆ పండగలో ఏదో దెబ్బతిన్నట్టే. పశువుల పాకలో పుట్టిన శిశువు గురించి వేసే నాటకంలో ఇట్లా జరగడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. దీన్ని సరిచెయ్యగలిగింది వచ్చినవాళ్లే. ఉన్నవాళ్లకు నోరు రాదు.)

అక్క: రేపు పొద్దున్నే అయ్యగారితో నేను మాట్లాడతాను. మరియ వేషం ఆ పిల్లదే. కాని ఒక్క తప్పు చూపించి మొత్తం రాకనే కాదంటే ఒప్పుకోను. డాలస్‌లో మా తెలుగు సంఘం అద్దె హాల్లో ఆరాధన చేసుకుంటుంది. పిల్లలు గిటారుతో ఇంగ్లీషు పాటలు పాడతారు, బాగానే పాడతారు. కాని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయని వాళ్లకి ఇక్కడే తెలిసింది. పురుషోత్తమ చౌదరిగారు కీర్తనలు కట్టి నూటయాభై ఏళ్లు దాటిందని, అవి మన నేల బాణీలని, అమ్మ పక్కన నిలబడి పాడుతుంటే తెలిసింది. మొన్న క్యారల్స్‌లో మా వాడు కంజర పట్టుకుని రాత్రి రెండింటిదాకా తిరిగాడు. ప్రతి ఇంట్లో టీ, బిస్కెట్టు. పడుకునే ముందు, ఈ పాటలు నాకు ముందే తెలుసమ్మా అన్నాడు. నేను జోకొట్టేటప్పుడు పాడినవే అవి. జూలైలో వస్తే క్యారల్స్ ఎక్కడ?

తమ్ముడు: జూలైలో కంజర ఉండదు. నిజమే. కాని వాడు వాళ్ల మామయ్య బడికి రావచ్చు.

అక్క: మీ బడికా?

తమ్ముడు: మీ టెక్సాస్‌లో మే చివర్లో బళ్లు మూస్తారు, ఆగస్టు మధ్యలో తెరుస్తారు. ఇక్కడ జూన్ రెండో వారానికి తెరుస్తాం. అంటే మీ పిల్లలకి సెలవులు, మా పిల్లలకి బడి. ఎండ భరించలేం అంటావు. జూన్ మూడో వారానికి వానలొస్తాయి. రెండు నెలలు వాళ్లు మా పిల్లలతోపాటు నడిచి బడికి రానీ. ఒంటిమీద అమెరికా బట్టలు లేకుండా, ప్రత్యేకమైన కుర్చీ లేకుండా. తెలుగు చదవడం వస్తుంది. కొట్లాటలు వస్తాయి. కొట్లాడాకే స్నేహాలు. డిసెంబరులో ఏముంది? మిషన్ బళ్లకి క్రిస్మస్‌కి వారం సెలవులు, మిగతావాటికి ఆ ఒక్క రోజు, పెద్ద సెలవులు సంక్రాంతికే. మీరు విమానం ఎక్కాక మా పిల్లలకి తీరిక దొరుకుతుంది. మామయ్య పిల్లల్ని నీ కూతురు నాలుగు గంటలు కూడా చూడలేదు.

అక్క: జూన్‌లో పంపడం నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎండ, దోమలు, జ్వరాలు, అంతే అనుకున్నాను. అయినా రెండు నెలల సెలవు నాకు ఎవరిస్తారు? పిల్లల్ని మాత్రం పంపి నేను అక్కడుంటే, వాళ్ల భారం మళ్లీ మీ ఆవిడ మీద, అమ్మ మీద పడుతుంది. నా పిల్లలకి ఊరు తెలియాలని నీ ఇంటిని హాస్టల్ చెయ్యమంటావా?

తమ్ముడు: అది నేను ఆలోచించలేదు.

అక్క: ఇంకోటి విను. వచ్చి వెళ్లేవాళ్ల వల్ల ఏమీ నిలబడదన్నట్టు మాట్లాడుతున్నావు. మన సంఘం ఎవరివల్ల మొదలైంది? హేయర్ దొర 1842 జూలై 31న గుంటూరులో దిగాడు. పెన్సిల్వేనియా లూథరన్లు పంపితే వచ్చాడు. మూడేళ్లకి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. 1869లో డెబ్భై ఆరేళ్ల వయసులో మూడోసారి వచ్చి రాజమండ్రి మిషన్ చూసుకున్నాడు. మేం వెళ్లిన దారి ఇదే, ఆయన ఎదురుదిక్కున నడిచాడు. వచ్చిపోయేవాడని ఆయన్ని ఎవరన్నా తీసిపారేశారా?

తమ్ముడు: మంచి మనిషి పేరెత్తావు. ఆయన మధ్యలో అమెరికా వెళ్లి ఏం చేశాడు? బాల్టిమోర్‌లో వైద్యం చదువుకున్నాడు, ఇక్కడ జనానికి వైద్యం లేదని. ఆ చదువుతో తిరిగొచ్చి, ఈసారి గుంటూరులోనే ఆగకుండా పల్నాడుకి వెళ్లాడు, గురజాలలో ఉన్నాడు. ఆ తర్వాత 1883లో వచ్చిన కుగ్లర్ అమ్మగారు గుంటూరులో ఆడవాళ్లకి ఆసుపత్రి కట్టారు, 1930లో ఈ జిల్లాలోనే కన్నుమూశారు. వాళ్లు ఇక్కడ ఏం లేదో చూసి, దానికి తగ్గట్టు తమ బతుకు మార్చుకున్నారు. నీ దగ్గర నేను ఆసుపత్రి అడగడం లేదు. చాక్లెట్లు కూడా వద్దంటున్నాను. ఆరు వారాలు అడుగుతున్నాను.

అక్క: అట్లా మొదట్లోనే అడగొచ్చు కదా. క్రిస్మస్‌కి రావొద్దు అని ఎందుకు మొదలుపెట్టావు?

తమ్ముడు: ఏడాదికి ఒక్కసారే వస్తానంటావు. ఒక్కసారే అయితే అది అమ్మకి నీ అవసరం ఉన్న రోజుల్లో కావాలనిపించింది. రెండూ అడిగే హక్కు నాకు లేదనుకున్నాను.

అక్క: నాకు అడిగే మనిషి కావాలిరా. అక్కడికి వెళ్లినప్పటినుంచీ ఈ ఇంట్లో ఎవరూ నన్ను ఏదీ అడగరు. అల్లుడికి పెట్టినట్టు పెడతారు, పంపిస్తారు. నువ్వు నామీద కోప్పడి ఎన్నేళ్లయింది? చిన్నప్పుడు బావిదగ్గర బిందె కోసం జుట్టు పట్టుకునేవాళ్లం. ఇప్పుడు నేను గ్లాసు కడగబోతే మీ ఆవిడ పరుగెత్తుకొచ్చి లాక్కుంటుంది. నువ్వేమో అక్క అతిథిలాగా వస్తోందంటావు. నాకు మీరు పని ఇవ్వరు.

తమ్ముడు: ఇస్తే చేస్తావా?

అక్క: నా స్టాంపు వచ్చే అక్టోబరు దాకా ఉంది. పిల్లల్ని మీ బావ చూసుకుంటాడు, అంతమాత్రం చెయ్యగలడు. మార్చిలో నేనొక్కదాన్నే వస్తాను. డాక్టరుగారి దగ్గరికి ఈ సోమవారం అమ్మని తీసుకెళ్లి తేదీ రాయించుకుందాం, తనని పక్కన కూర్చోబెట్టే, తన ఎదుటే. వద్దంటే ఎందుకు వద్దో తనే చెబుతుంది, విందాం. గుంటూరు పెళ్లికి నేను వెళ్లను. పెద్దమ్మ నిష్ఠూరమాడితే నామీద పెట్టు. క్రిస్మస్‌కి మాత్రం వస్తాను. అది నా చేత మానిపించకు.

తమ్ముడు: మార్చిలో వచ్చేదానివి డిసెంబరులోనూ వస్తే నాకెందుకు అభ్యంతరం? కాని రెండుసార్లకి నీకు సెలవు ఎట్లా వస్తుంది, ఉద్యోగానికి ఏమన్నా అవుతుందేమో...

అక్క: ఆ లెక్క నేను చూసుకుంటాను. ఇక్కడినుంచి రాత్రిళ్లు పని చేసుకోనిస్తారేమో మేనేజర్ని అడగాలి. ఒప్పుకోకపోతే జీతం లేని సెలవు. నువ్వు చూడాల్సింది ఒకటే, నేనున్నన్నాళ్లు అమ్మ మంచం పక్కన నాకొక మంచం వెయ్యి, పైగదిలో కాదు.

తమ్ముడు: ఎన్నాళ్లుంటావు?

అక్క: ఆమె తన కాళ్లమీద గుడిమెట్లెక్కి ఆరాధనకి వెళ్లేదాకా.